అడవి కొట్టి తోట వేస్తే అడుగున జరిగేది

తొలకరి పడి ఉరుములు ఉరిమిన కొద్ది రోజులకే బస్తర్ సంతల్లోకి ఒక సరుకు దిగుతుంది. మట్టి అంటుకున్న గోళీల్లా, పచ్చి ఉసిరికాయల్లా ఉంటుంది. అక్కడివాళ్లు దాన్ని ‘బోడా’ అంటారు. సాల చెట్టు కింద మట్టిని పైపైన గీకి ఏరుకొచ్చే పుట్టగొడుగు అది. సీజన్ మొదట్లో జగదల్‌పూర్‌లో కిలో వెయ్యి రూపాయలు దాటి పలుకుతుంది. మాంసం కంటే ప్రియం. ఇంత గిరాకీ ఉన్నా దాన్ని పొలంలో పండించి అమ్మేవాళ్లు కనిపించరు. బోడా ఒంటరిగా బతికేది కాదు మరి. బతికున్న సాల వేళ్లను అల్లుకుని, చెట్టు ఇచ్చే చక్కెర తిని, బదులుగా చెట్టుకు నీరూ భాస్వరమూ నత్రజనీ తెచ్చిపెట్టే ఒక శిలీంధ్రం కాసే కాయ అది. ఆ చెట్టు పోతే ఆ కాయ పోతుంది. మట్టిలోని సూక్ష్మజీవుల లోకం నుంచి మన కంటికి ఆని, మన కూరగిన్నెలోకి రాగలిగే ఆనవాళ్లు చాలా కొద్ది. బోడా వాటిలో ఒకటి.

1970లలో ఆ సాల అడవినే నరికి, ఆ చోట కరీబియన్ పైన్ చెట్లు నాటి, కాగితపు గుజ్జు తీయాలని అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు సాయంతో పథకం వేసింది. సాల నిదానంగా పెరుగుతుంది, పైన్ తొందరగా పెరుగుతుంది, కనుక లాభం అన్నది లెక్క. బస్తర్ ఆదివాసులు ఎదురు తిరిగారు. ఒకప్పుడు అక్కడ కలెక్టరుగా పనిచేసిన బి.డి.శర్మ వారి పక్షాన గట్టిగా నిలిచారు. 1980ల మొదట్లో పథకం ఆగిపోయింది. దాదాపు అవే రోజుల్లో, అప్పటి బిహార్‌లోని సింగ్‌భూమ్‌లో సాల చెట్లు తీసి టేకు వేస్తుంటే ఆదివాసులు టేకు నర్సరీల్లోని మొక్కలు పీకేశారు. సాల తమ చెట్టు, టేకు సర్కారు చెట్టు అన్నంతగా ఆ రెండూ రెండు పక్షాలకు గుర్తులైపోయాయి. 1980 సెప్టెంబరులో సింగ్‌భూమ్‌లోని గువాలో పోలీసు కాల్పులు జరిగింది ఆ ఉద్యమకాలంలోనే. విత్తనాల నూనె, విస్తరాకులు, గుగ్గిలం, పుట్టగొడుగులు, చెట్టు కింద కొలుచుకునే దేవత, ఇవేవీ టేకు తోటలో ఉండవని వాళ్లకు తెలుసు. అడవి స్థానంలో అడవే వస్తోందని అధికారులు అనుకున్నారు. అడవి పోయి తోట వస్తోందని వాళ్లు చూశారు. ఆ తేడా నేల లోపల ఎంత లోతు వరకు ఉంటుందో శాస్త్రం కొలిచి చెప్పడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

ఆలస్యానికి కారణం ఉంది. అడవి మట్టి ఒక గ్రాము తీసుకుంటే అందులో వంద కోట్ల దాకా బాక్టీరియా ఉండవచ్చు. జాతుల లెక్క వేలల్లో ఉంటుంది. వాటిలో చాలా భాగం ప్రయోగశాలలో గాజుపళ్లెంలో మేత పెడితే పెరగవు. పెరిగిన కొద్దివాటినే చూసి నేల గురించి తీర్పు చెప్పిన కాలం చాలా ఏళ్లు నడిచింది. మట్టి నుంచి నేరుగా డీఎన్ఏ తీసి, అందులో ఏయే జీవుల ముద్రలున్నాయో చదివే పద్ధతి చౌకయ్యాకే అడవి మట్టినీ తోట మట్టినీ పక్కపక్కన పెట్టి చూడగలిగారు. గత ఇరవై ఏళ్లలో అమెజాన్, సుమత్రా, దక్షిణ చైనా అడవుల నుంచి వచ్చిన అధ్యయనాలు అన్నీ ఒకే మాట చెప్పవు. కానీ చెట్టు మారితే అడుగున ఉన్న ఊరంతా మారుతుందన్న చోట మాత్రం కలుస్తాయి.

ఆ ఊరిలో పెద్దరికం శిలీంధ్రాలది. చెట్టు వేరూ శిలీంధ్రమూ కలిసి చేసే కాపురానికి 1885లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంక్ ‘మైకోరైజా’ అని పేరు పెట్టాడు. శిలీంధ్రమూలం అనుకుందాం. ఇందులో ముఖ్యమైనవి రెండు తెగలు. ఒక తెగ వేరు కణాల లోపలికి దూరి అక్కడే చిన్న చెట్టులా కొమ్మలేస్తుంది. టేకుతో సహా మన ఉష్ణమండలపు చెట్లలో ఎక్కువ వాటికి ఈ తెగతోనే పొత్తు. రెండో తెగ వేరుకొనల చుట్టూ తొడుగులా అల్లుకుని బయటికి పోగులు చాస్తుంది. సాల వంశపు చెట్లకూ పైన్ చెట్లకూ ఈ రెండోదే దిక్కు. బోడా ఈ రెండో తెగది. సింగ్‌భూమ్‌లో సాల తీసి టేకు వేసినప్పుడు పైన మారింది చెట్టు ఒక్కటే. కింద మాత్రం తరతరాలుగా సాల వేళ్లను పట్టుకుని బతికిన శిలీంధ్రాల తెగకు తెగే ఆధారం కోల్పోయింది. అవి టేకు వేరు మీద బతకలేవు.

ఈ సంగతి అటవీశాఖల వాళ్లకు బొత్తిగా తెలియదనడం తప్పు. తెలుసు, తమకు కావలసిన చెట్టు విషయంలో మాత్రం బాగా తెలుసు. ప్యూర్టో రికో దీవిలో పైన్ తోటలు పెంచాలని ఏళ్ల తరబడి ప్రయత్నించారు. మొక్కలు పసుపెక్కి, గిడసబారి చచ్చిపోయేవి. చివరికి 1950లలో అమెరికాలోని నార్త్ కరోలినా పైన్ అడవుల నుంచి మట్టి తెచ్చి మొక్కల మొదట్లో కలిపారు. ఆ మట్టిలో ఉన్న శిలీంధ్రం వేళ్లను పట్టుకోగానే మొక్కలు లేచాయి. చెట్టును నాటాలంటే దాని మట్టి స్నేహితులనూ మోసుకురావాలని అక్కడ అర్థమైంది. అడవి నరికేటప్పుడు ఆ చెట్ల మట్టి స్నేహితులు ఏమవుతారన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టలేదు. నర్సరీ సంచిలో వేసే మట్టి గురించి ఉన్న శ్రద్ధ, వేల ఎకరాల అడవి మట్టి మీద లేకపోయింది.

తూర్పు కనుమల్లో తిరిగినప్పుడల్లా నేను చేసే పని ఒకటుంది. మద్ది, ఏగిస, తునికి, ఇప్ప, ఉసిరి కలగలిసి ఉన్న అడవిలో కూర్చుని రాలిన ఆకులు పొరలు పొరలుగా తీస్తాను. పైపొరలో ఈ ఏటి ఆకులు. దాని కింద పోయినేటివి, ఈనెలు మాత్రం మిగిలి జల్లెడల్లా ఉంటాయి. ఆ కింద ఏ ఆకు ఏదో చెప్పలేని నల్లటి పొడి, దాని మధ్య తెల్లటి సన్నని పోగులు. గుప్పెడు పట్టి నలిపితే మట్టి గింజలు గింజలుగా విడుతుంది, తడి వాసన వేస్తుంది. అక్కడి నుంచి నడిచి వెళ్లి పక్కనే ఉన్న జామాయిల్ తోటలో కూర్చుని అదే పని చేస్తాను. ఎండు జామాయిల్ ఆకు మీద ఆకు, బెరడు పేలికలు, వాటి కింద వెంటనే గట్టి నేల. మధ్యలో ఉండవలసిన ఆ నల్ల పొర పలచగా ఉంటుంది, ఒక్కోచోట అసలు ఉండదు. ఇది శాస్త్రపరీక్ష కాదు. ఎవరైనా చేసి చూసుకోగలిగిన పని, అంతే.

ఆ నల్ల పొర ఎందుకు కట్టదు? మొదటి దెబ్బ తోట వేయకముందే పడుతుంది. సహజ అడవిని తోటగా మార్చేటప్పుడు అన్నీ నరికేస్తారు, కొమ్మారెమ్మా పోగేసి తగలబెడతారు, మొదళ్లు పెకలిస్తారు, యంత్రంతో దున్నుతారు. ఏళ్ల తరబడి నీడలో చల్లగా ఉన్న నేల ఒక్కసారిగా మే నెల ఎండకు తేలుతుంది. దున్నినప్పుడు శిలీంధ్రపు పోగుల అల్లిక ముక్కలు ముక్కలవుతుంది. గాలీ వేడీ తగిలేసరికి, నేలలో దాగిన సేంద్రియ పదార్థాన్ని త్వరగా తినే బాక్టీరియా విజృంభిస్తుంది, ఎన్నో దశాబ్దాల పొదుపు కొద్ది కాలంలో ఖర్చయి బొగ్గుపులుసు వాయువుగా ఎగిరిపోతుంది. ఆ తర్వాత వచ్చే తొలి వాన మిగిలిన పైమట్టిని గెడ్డల్లోకి దించుతుంది. ఇది చాలావరకు మొక్క నాటే లోపే జరిగిపోతుంది. ఏ చెట్టు నాటారన్న చర్చ అంతా దీని తర్వాత మొదలవుతుంది.

రెండో దెబ్బ మేతది. సహజ అడవిలో ఏడాది పొడవునా రకరకాల ఆకులు రాలతాయి. ఒకటి మెత్తనిది, నెలలోపు కుళ్లుతుంది. ఒకటి తోలులాంటిది, రెండేళ్లు పడుతుంది. ఏగిస, మోదుగ లాంటి చెట్లు వేరుబుడిపెల్లోని బాక్టీరియా సాయంతో గాలిలోని నత్రజనిని కట్టి నేలకు ఇస్తాయి. పువ్వులు, కాయలు, పిట్టల రెట్ట, పడిపోయిన మాను, చచ్చిన తీగ, అన్నీ మేతే. ఎన్ని రకాల మేత ఉంటే అన్ని రకాల జీవులకు చోటు. ఒకే చెట్టు తోటలో ఏడాదంతా ఒకే వంట. అది జామాయిల్ అయితే ఆ ఆకులో నూనెలూ వగరు పదార్థాలూ ఎక్కువ, అరిగించుకోగలిగిన జీవులు తక్కువ. పైన్ సూదులు పేరుకుంటే నేల పులిసిపోతుంది, ఆమ్లతను ఓర్చుకోలేని బాక్టీరియా వెనక్కి తగ్గుతుంది. టేకు సంగతి మరో రకం. దాని పెద్ద ఆకు మీద వాన నీరు పెద్ద బొట్లుగా చేరి బలంగా నేలను కొడుతుంది. కింద పొదలు, గడ్డి లేకుండా శుభ్రం చేసిన టేకు తోటలో ఆ దెబ్బకు పైమట్టి లేచిపోతుంది. తోట శుభ్రంగా ఉండాలన్న మన మోజు నేలకు చేసిన చెరుపు తక్కువ కాదు.

మూడోది కాలం. గుజ్జు కోసం పెంచే క్లోన్ జామాయిల్‌ను నాలుగైదేళ్లకోసారి నరుకుతారు. మొదటి నరుకుడు తర్వాత మోడు చిగురించి మళ్లీ పెరుగుతుంది, మళ్లీ నరుకుతారు. ప్రతిసారీ కలపతో పాటు బెరడులోని సున్నం, భాస్వరం, పొటాష్ లారీ ఎక్కి వెళ్లిపోతాయి. సూక్ష్మజీవుల సంఘం కుదురుకోవడానికి కావలసిన తీరిక ఎప్పటికీ దొరకదు.

కొలతలు ఏం చెబుతున్నాయి? సహజ అడవినీ దాని పక్కనే ఉన్న తోటనూ జతలుగా పోల్చిన ఎనభైకి పైగా అధ్యయనాలను క్రోడీకరించి 2010లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, తోటల్లో సన్నవేళ్ల బరువు 66 శాతం తక్కువ, నేలలోని కర్బన గాఢత 32 శాతం తక్కువ, సూక్ష్మజీవుల దేహాల్లో ఉండే కర్బనం 29 శాతం తక్కువ. సన్నవేళ్ల లెక్క అన్నిటికంటే ముఖ్యమని నేననుకుంటాను. శిలీంధ్రం చెట్టును కలుసుకునేది లావువేరు దగ్గర కాదు, వెంట్రుకంత సన్నవేరు దగ్గరే. ఆ వేర్లలో మూడింట రెండు వంతులు లేకపోతే కలుసుకునే గుమ్మాలు మూడింట రెండు వంతులు మూసుకున్నట్టే.

దీనికి ఎదురుమాట లాంటిది కూడా చెప్పాలి. గో, గిఫర్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2002లో చేసిన క్రోడీకరణలో సహజ అడవి తోటగా మారితే నేల కర్బన నిల్వ సగటున 13 శాతం తగ్గింది. అదే అడవి సాగుభూమిగా మారితే 42 శాతం తగ్గింది. అంటే తోట పొలం కంటే నయం. పైగా ఆ తగ్గుదల ఎక్కువగా పైన్ లాంటి సూదాకు తోటల్లో కనిపించింది. వెడల్పాకు చెట్లు వేసిన చోట పెద్ద తేడా లేదు. కనుక ‘తోట వేస్తే నేల చచ్చిపోతుంది’ అని గంపగుత్తగా అనేస్తే అది నిజం కాదు. ఏ చెట్టు, ఏ నేల, ఎలా నాటారు, ఎన్నేళ్లకు నరికారు అన్నవాటిని బట్టి జవాబు మారుతుంది. కర్బనం బరువు అంతే ఉన్నా ఆ కర్బనాన్ని పట్టి ఉంచే జీవులు వేరైపోవచ్చన్నది మాత్రం మరవకూడదు.

అది తెలియాలంటే రెండు చోట్లకు వెళ్లాలి. బ్రెజిల్‌లోని రొండోనియా రాష్ట్రంలో వర్షారణ్యం నరికి పశువుల మేతబీడుగా మార్చిన నేలను పరిశోధకులు తవ్వి చూసి 2013లో ఫలితాలు వెల్లడించారు. ఏదైనా ఒక్క చోట మట్టి తీసి లెక్కపెడితే అడవిలో కంటే బీడులోనే బాక్టీరియా జాతులు ఎక్కువ తేలాయి. ఇంతే చూసి ఊరుకుంటే అడవి నరకడం నేలకు మంచిదనిపిస్తుంది. వాళ్లు అక్కడ ఆగలేదు. ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య తేడా ఎంతని చూశారు. అడవిలో కొద్ది దూరం నడిస్తే జాతుల కూర్పు మారిపోతోంది. బీడులో ఎంత దూరం పోయినా అవే జాతులు. ఎక్కడైనా బతకగలిగేవి అంతటా పరుచుకున్నాయి, ఒకే చోట ఉండేవి కనుమరుగయ్యాయి. ప్రతి ఊరికీ ఒక యాస ఉన్న సీమలో అందరూ ఒకే మాట మాట్లాడటం మొదలైతే మాట్లాడేవాళ్ల సంఖ్య తగ్గదు. పోయేది వేరేది.

అది మేతబీడు, తోట కాదు. తోటల సంగతి సుమత్రా దీవిలోని జంబి నుంచి తెలిసింది. అక్కడ లోతట్టు వర్షారణ్యం రబ్బరు, ఆయిల్‌పామ్ తోటలుగా మారింది. 2012 నుంచి జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయం ఇండోనేషియా విశ్వవిద్యాలయాలతో కలిసి అడవినీ, అడవిలాంటి పాత రబ్బరునూ, వరుస రబ్బరునూ, ఆయిల్‌పామ్‌నూ పక్కపక్కన ఏళ్ల తరబడి కొలిచింది. ఎరువులూ సున్నమూ వేయడంతో తోట నేలల్లో ఆమ్లత తగ్గి బాక్టీరియా రకాలు పడిపోలేదు, కొన్నిచోట్ల పెరిగాయి కూడా. శిలీంధ్రాల కథ వేరు. చెట్లతో పొత్తు కుదుర్చుకునేవి తగ్గాయి. చచ్చినదాన్ని తినేవి, బతికున్నదానికి తెగులు తెచ్చేవి పెరిగాయి. స్నేహితులు పోయి, శవాలు తినేవాళ్లూ దొంగలూ మిగిలారన్నమాట. ఈ మార్పు కాగితం మీది అంకె కాదు. అదే సుమత్రాలో గుజ్జు కోసం వేసిన అకేసియా మాంజియం తోటలను రెండో, మూడో పంటకు వచ్చేసరికి గానోడెర్మా వేరుకుళ్లు పట్టుకుంది. నరికిన మోళ్ల మీద శిలీంధ్రం బలిసి, కొత్త మొక్కల వేళ్లలోకి పాకింది. మిగతా జబ్బులూ తోడై, చాలా చోట్ల అకేసియా తీసి జామాయిల్ వేసుకోవలసి వచ్చింది. ఒకే చెట్టును ఒకే చోట మళ్లీ మళ్లీ నాటితే ఆ చెట్టును తినే జీవికి మనమే బువ్వ పెట్టి పెంచినట్టు.

ఇక మన సంగతి. మన దగ్గర అడవిని తోటగా మార్చడం యాదృచ్ఛికంగా జరగలేదు. అదొక విధానం. మిశ్రమ అడవులను మొత్తంగా నరికి, ఎక్కువ రాబడి ఇచ్చే, త్వరగా పెరిగే జాతులు నాటాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976 నివేదికలో సిఫార్సు చేసింది. ఆ ఆలోచనలు సాగుతున్న రోజుల్లోనే రాష్ట్రాల్లో అటవీ అభివృద్ధి సంస్థలు పుట్టాయి. ఆంధ్రప్రదేశ్ సంస్థ ఏర్పడింది 1975లో. జామాయిల్, టేకు, వెదురు, జీడిమామిడి, మన్యంలో కాఫీ, ఇలా తోటలు పరుచుకున్నాయి. 1988 జాతీయ అటవీ విధానం దారి మార్చింది. సహజ అడవులను పరిశ్రమలకు తోటల కోసం ఇవ్వకూడదని, వాటికి కావలసిన కలపను రైతుల దగ్గర పెంచుకోవాలని చెప్పింది. మంచి మాట. అప్పటికే మారిపోయిన నేలకు మాత్రం ఆ మాట ఆలస్యంగా వచ్చింది.

మన అడవుల విషయంలో ఒక న్యాయమైన తేడా చూడాలి. ఆదిలాబాద్, గోదావరి అడవుల్లో టేకు పరాయి చెట్టు కాదు, అక్కడ పుట్టి పెరిగిందే. అక్కడి మట్టికి టేకు వేరు తెలుసు. అందువల్ల అక్కడ టేకు తోట చేసే హాని, జామాయిల్ తోట చేసేదానితో సమానం కాదు. ఒక్క టేకునే ఉంచి మిగతావన్నీ తీసేయడమే అక్కడి తప్పు. సిక్కోలు, పార్వతీపురం మన్యాల్లో మిగిలిన గుగ్గిలం చెట్ల సంగతి పూర్తిగా వేరు. బస్తర్ సాలా ఈ గుగ్గిలమూ ఒకటే జాతి, ఒకటే వేరు, ఒకటే శిలీంధ్రపు తెగ. ఆంధ్రప్రదేశ్‌లో ఆ జాతి అడవి కొద్దిగానే ఉంది. దాన్ని నరికి ఏది నాటినా అడుగున ఆ పొత్తు తెగుతుంది. పాడేరు, అరకు వైపు కాఫీకి నీడ కోసం సిల్వర్ ఓక్ వరుసలు పెరిగిన తీరు కూడా ఆలోచించవలసిందే. పనస, మామిడి, కొండచెట్ల నీడలో పెరిగే కాఫీ నేలకూ, సిల్వర్ ఓక్ ఒక్కటే ఉన్న కాఫీ నేలకూ తేడా ఉంటుంది. మిరియం పాదు పాకడానికి సిల్వర్ ఓక్ నిటారు మాను వాటం, అమ్మితే డబ్బు, కనుక గిరిజన రైతును తప్పు పట్టలేం. ఆ రైతుకు వేరే నీడచెట్ల మొక్కలు ఇవ్వని వాళ్లను పట్టాలి.

పోడు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అడవి పాడవడానికి పోడే కారణమని మన పత్రికల్లో, కచేరీల్లో ఏళ్లుగా వింటున్నాం. ఉష్ణమండల అమెరికా, పశ్చిమ ఆఫ్రికాల్లో సాగు వదిలేసిన భూముల్లో తిరిగి పెరిగిన అడవులను కొలిచి 2021లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పెద్ద అధ్యయనం ఒకటుంది. నేలను మరీ పిండకుండా వదిలేస్తే, దాని సారం పదేళ్ల లోపే పాత అడవి స్థాయికి 90 శాతం చేరువవుతుందని అది తేల్చింది. చెట్ల జాతుల కూర్పు పాత స్థితికి రావడానికి మాత్రం 120 ఏళ్లకు పైనే పడుతుంది. దీన్నుంచి నాకు తోచేది ఒకటే. మధ్యలో మోళ్లను బతకనిచ్చి, చాలా ఏళ్లు బీడు పెట్టే పాతకాలపు పోడు అడుగున ఉన్న జీవాన్ని తెంపేది కాదు. మోడు బతికి ఉంటే వేరు బతికి ఉంటుంది, వేరు బతికి ఉంటే దాన్ని పట్టుకున్న శిలీంధ్రమూ బతికి ఉంటుంది. మోడు పెకలించి, దున్ని, వరసగా మొక్కలు నాటే తోట ఆ దారాన్ని తెంపుతుంది. బీడుకాలం రెండు మూడేళ్లకు కుంచించుకుపోయిన నేటి పోడు వేరు, దాన్ని నేను సమర్థించడం లేదు. కానీ పోడు భూమిని ‘బాగు చేస్తాం’ అని గిరిజనుల దగ్గర తీసుకుని అక్కడ ఒకే జాతి తోట వేయడం, నేల కళ్లతో చూస్తే బాగు కాదు.

ఇవన్నీ తెలిసినా మన లెక్కల పుస్తకం మారలేదు. భారత అటవీ సర్వే సంస్థ దృష్టిలో హెక్టారుకు మించిన విస్తీర్ణంలో, చెట్ల గొడుగు 10 శాతం దాటితే అది అటవీ విస్తృతి. ఆ భూమి ఎవరిదైనా, ఆ చెట్టు ఏదైనా. జామాయిల్ తోటా అందులోదే, మామిడి తోటా అందులోదే, నల్లమల అడవీ అందులోదే. 2023 నివేదిక ప్రకారం దేశంలో అడవీ చెట్లూ కలిపి భూభాగంలో 25.17 శాతం. ఈ అంకె పెరిగిందని ప్రతి రెండేళ్లకోసారి మంత్రులు ప్రకటిస్తారు. ఉపగ్రహానికి ఆకుపచ్చ రంగే కనిపిస్తుంది, అది దాని తప్పు కాదు. విచిత్రమేమంటే, అదే నివేదికలో కర్బనం అధ్యాయం తెరిస్తే మన అడవుల్లోని కర్బనంలో సగానికి పైగా నేలలో ఉందని రాసి ఉంటుంది. మానుల్లో కాదు, కొమ్మల్లో కాదు, మట్టిలో. సగానికి పైగా ఆస్తి నేలలో ఉందని మనమే రాసుకుని, నష్టపరిహారం మాత్రం మొక్కల్లో లెక్కగడుతున్నాం.

పరిహార అడవుల పెంపకం ఈ లెక్క మీదే నడుస్తోంది. గనికో, ఆనకట్టకో, రోడ్డుకో అడవి ఇచ్చేస్తే, ఆ సంస్థ డబ్బు కడుతుంది, ఆ డబ్బుతో ఇంకోచోట మొక్కలు నాటుతారు. 2016లో దీనికి చట్టం వచ్చింది, 2019లో ఒక్కసారే 47 వేల కోట్ల రూపాయలకు పైగా రాష్ట్రాలకు వెళ్లాయి. గ్రేట్ నికోబార్ దీవిలో భారీ రేవు, విమానాశ్రయం, పట్టణం కోసం 130 చదరపు కిలోమీటర్ల వర్షారణ్యాన్ని మళ్లించడానికి 2022లో అనుమతి ఇచ్చారు. దానికి పరిహారంగా మొక్కలు నాటడానికి ఎంచుకున్నది హర్యానా. ఏడాదిలో ఎక్కువ కాలం వాన కురిసే సముద్రద్వీపపు నేలకు, ఆరావళి ఎండకు కాగే నేల బదులా? పైన నాటిన మొక్కలు నూటికి నూరూ బతికాయనుకుందాం. నికోబార్ మట్టిలోని జీవుల్లో ఒక్కటైనా హర్యానాకు నడిచి రాగలదా? మొక్కలు నాటితే క్రెడిట్లు ఇచ్చే గ్రీన్ క్రెడిట్ పథకం కోసం 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన పద్ధతిలో హెక్టారుకు కనీసం 1,100 చెట్ల లెక్కన నాటాలన్నారు. సహజంగా చెట్లు పలచగా, గడ్డి దట్టంగా ఉండే పొదల అడవిలో కూడా ఇదే కొలత పెడితే అక్కడి గడ్డివేళ్లనూ వాటిని పట్టుకున్న జీవాన్నీ గోతులు తవ్వి తీసేయడమే అవుతుంది. తర్వాత నిబంధనలు సవరించారు గానీ, లెక్క ఇప్పటికీ చెట్టు మీదా దాని గొడుగు మీదే.

లోకమంతటా ఇదే ధోరణి. పాడైన అడవులను పునరుద్ధరిస్తామని బాన్ చాలెంజ్ కింద దేశాలు ఇచ్చిన హామీలను సైమన్ లూయిస్ బృందం పరిశీలించి 2019లో ‘నేచర్’లో రాసింది. ఆ హామీల్లో 45 శాతం భూమి వాణిజ్య తోటలకు వెళ్లేదేనని తేలింది. పదేళ్లకోసారి నరికే తోట కర్బనాన్ని దాచదు. దాచినట్టు కనిపించి మళ్లీ గాలిలోకి వదులుతుంది.

కలప ఎక్కడి నుంచి రావాలి అన్న ప్రశ్న న్యాయమైనదే. కాగితం కావాలి, తలుపులు కావాలి, సెంట్రింగ్ కర్రలు కావాలి. రైతు తన పొలంలో సుబాబుల్, జామాయిల్, సరుగుడు వేసుకుంటే దాన్ని అడవి నరికి వేసిన తోటతో కలపకూడదు. పొలం మట్టి అప్పటికే పొలం మట్టి. ప్రకాశం, నెల్లూరు తీరపు ఇసుకలో సరుగుడు నేలకు మేలే చేసింది. దాని వేరుబుడిపెల్లో ఉండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి నత్రజని కడుతుంది, రాలిన ఆకు ఇసుకకు కాస్త జీవం పోస్తుంది. సింగరేణి ఉపరితల గనుల దగ్గర గుట్టలుగా పోసిన మట్టిదిబ్బల మీద మొక్కలు నాటడమూ అలాంటిదే. అక్కడ పోగొట్టుకోవడానికి నేలలో ఏమీ మిగల్లేదు, చెట్టు ఏది వచ్చినా నేల గెలుస్తుంది. చెట్టు నాటడం ఎక్కడ మేలు చేస్తుంది, ఎక్కడ కీడు చేస్తుంది అన్నదానికి ఒక్క గీటురాయి చాలు: అక్కడ అంతకు ముందు ఏముంది?

అందుకే చేయవలసింది మరీ కొత్త పని కాదు. సహజ అడవి ఎంత పలచబడినా, మోళ్లూ వేళ్లూ బతికున్న చోట దున్నకూడదు, పెకలించకూడదు, కాల్చకూడదు. కంచె కట్టి, నిప్పు పడకుండా కాపాడి, పశువులను కొన్నేళ్లు ఆపితే మోళ్లు చిగురిస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు చాలా చోట్ల ఈ పని చేసి చూపించాయి. మొక్కకు పెట్టే ఖర్చు కంటే దీనికయ్యే ఖర్చు తక్కువ. కానీ ఇందులో నాటిన మొక్కల సంఖ్య ఉండదు, ఫొటో ఉండదు, కనుక బడ్జెట్టూ ఉండదు. ఇప్పటికే తోటలైపోయిన అటవీ భూముల్లో అడుగున మొలిచే సహజ జాతులను శుభ్రం పేరిట తీసేయడం మానాలి. కొట్టిన కొమ్మలను తగలబెట్టకుండా వరుసల మధ్య పరచాలి. మోళ్లను యంత్రంతో తీయకూడదు. జామాయిల్ గడువు తీరిన చోట మళ్లీ జామాయిల్ వేసేముందు, పక్క అడవి నుంచి విత్తనం దానంతట అదే వచ్చే అవకాశం ఉందేమో చూడాలి. నాటక తప్పని చోట, నర్సరీ సంచిలో ఎర్రమట్టి, ఎరువుతో పాటు అక్కడి అడవి నుంచి తెచ్చిన గుప్పెడు మట్టి కలపాలి. ప్యూర్టో రికో వాళ్లు డెబ్బై ఏళ్ల కిందట చేసింది అదే, కాకపోతే పరాయి చెట్టు కోసం చేశారు.

మన అటవీ డివిజన్లకు పదేళ్లకోసారి కార్యప్రణాళికలు తిరగరాస్తారు. ఎన్ని చెట్లున్నాయి, ఎంత లావున్నాయి, ఏటా ఎంత పెరుగుతున్నాయి అని ఎంచుకున్న చోట్ల కొలుస్తారు. అదే చోట్ల మట్టి కూడా తీసి, సూక్ష్మజీవుల కర్బనం, శిలీంధ్రాల రకాలు పరీక్షించడం ఇప్పుడు కష్టమూ కాదు, భరించలేని ఖర్చూ కాదు. హైదరాబాద్‌లోనూ, మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోనూ డీఎన్ఏ చదవగల ప్రయోగశాలలు ఉన్నాయి. పరిహార నిధి కింద నాటిన ప్రతి తోటలో ఐదో ఏడు, పదో ఏడు మట్టిని పక్క సహజ అడవి మట్టితో పోల్చి, ఆ అంకెను బతికిన మొక్కల శాతం పక్కనే ప్రకటించమని రెండు తెలుగు రాష్ట్రాల అటవీ శాఖలనూ అడగాలి. మొదటి ఐదేళ్ల అంకెలు బాగుండకపోవచ్చు. బాగుండకపోయినా ప్రకటించాలి.